పిల్లలకు ఇథియోపియా పాఠం: అపోహలు - వాస్తవాలు

విశాఖ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పే నేను, కొన్నేళ్లుగా ఏడాదికొకసారి, పాఠ్యపుస్తకంలోని ఆఫ్రికా ఖండం పాఠం అయిపోయాక మూడు వారాలపాటు ఒక్క ఇథియోపియా గురించే చెబుతున్నాను. ఈ పనికి అడ్డుపడే అపోహలు పిల్లల్లో కన్నా పెద్దల్లో, అందులోనూ మా ఉపాధ్యాయుల్లో ఎక్కువ. వాటిలో కొన్ని మొదట్లో నాకూ ఉండేవి.

అపోహ: ముందు ఖండమంతా చెబితేనే ఒక దేశం అర్థమవుతుంది.

వాస్తవం: మూడు కోట్ల చదరపు కిలోమీటర్ల నేలను, 54 దేశాలను రెండు పీరియడ్లలో చెబితే పిల్లల బుర్రలో మిగిలేవి సింహం, ఎడారి, పిరమిడ్డు మాత్రమే. ఒక దేశంలో కొన్నాళ్లు తిరిగి వచ్చిన పిల్లవాడు ఆ పక్క దేశం గురించి తనంతట తానే అడుగుతాడు. ఇథియోపియా విస్తీర్ణం సుమారు 11 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపితే వచ్చే దానికి దాదాపు నాలుగు రెట్లు; జనాభా 12 కోట్లకు పైమాటే. పాఠం మొదలుపెట్టే ముందు గోడ పటం ఏ సంవత్సరానిదో చూసుకోండి. ఎరిత్రియా 1993లో విడిపోవడంతో ఇథియోపియాకు సముద్ర తీరం లేకుండా పోయింది. 2011లో దక్షిణ సూడాన్ ఏర్పడింది. మా బడి పటంలో రెండోది లేదు. పిల్లలే స్కెచ్‌పెన్నుతో సరిహద్దు గీశారు.

అపోహ: అక్కడంతా ఎండ, ఇసుక.

వాస్తవం: భూమధ్యరేఖకు దగ్గరగా ఉంటే వేడిగా ఉండి తీరాలని అక్షాంశాల పాఠంలో మేమే నూరిపోస్తాం కనుక, ఈ అపోహకు సగం బాధ్యత మాదే. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా సముద్ర మట్టానికి సుమారు 2,350 మీటర్ల ఎత్తున ఉంది. మా పిల్లలకు తెలిసిన చలి ప్రదేశం అరకు లోయ, దాని ఎత్తు 900 మీటర్ల చిల్లర. ఈ రెండు అంకెలూ బోర్డు మీద పక్కపక్కన వేస్తే, అక్కడ మే నెలలో కూడా రాత్రిపూట దుప్పటి ఎందుకు కావాలో వేరే చెప్పనక్కర్లేదు. ఉత్తరాన సిమియన్ పర్వతాల్లో రాస్ దాషెన్ శిఖరం 4,500 మీటర్లు దాటుతుంది. అదే దేశంలో ఈశాన్యాన ఉన్న దనాకిల్ పల్లం సముద్ర మట్టానికి 100 మీటర్లకు పైగా దిగువన, ప్రపంచంలోకెల్లా వేడి ప్రాంతాల్లో ఒకటిగా ఉంది. అక్కడ అఫార్ ప్రజలు నేలలోంచి ఉప్పును పలకలుగా కోసి ఒంటెల మీద తరలిస్తారు. దనాకిల్ వైపు నుంచి నైరుతి దిశగా దేశాన్ని చీల్చుకుంటూ పోయే పగులు లోయను (రిఫ్ట్ వ్యాలీ) పాత వార్తాపత్రికలు నానబెట్టిన గుజ్జుతో అట్ట మీద చేయిస్తాను. ఆరడానికి మూడు రోజులు పడుతుంది, గది వాసన కొడుతుంది, అయినా సరే.

ఆ అట్ట మీదే నీళ్ల కథ కూడా చెప్పాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు, అంటే మనకు నైరుతి రుతుపవనాల కాలంలోనే, ఇథియోపియా పీఠభూమి మీద వానలు కురుస్తాయి. తానా సరస్సు నుంచి బయలుదేరే నీలి నైలు ఆ వరదను మోసుకుపోయి సూడాన్‌లోని ఖార్టూమ్ దగ్గర తెల్ల నైలుతో కలుస్తుంది. ఈజిప్టు నైలు నది వరమని బట్టీ పట్టిన పిల్లలకు, ఆ వరదనీటిలో అధిక భాగం ఇథియోపియా వానదేనని తెలిసినప్పుడు కలిగే ఆశ్చర్యం చూడవలసిందే.

అపోహ: తెల్లవాళ్లు వచ్చేదాకా ఆఫ్రికాకు లిపి లేదు, రాసిన చరిత్ర లేదు.

వాస్తవం: నేను ఎక్కువ రోజులు వెచ్చించేది ఇక్కడే. ఇథియోపియాలో గీజ్ అనే ప్రాచీన భాషకు పుట్టిన లిపిలోనే నేటికీ అమ్హారిక్, తిగ్రిన్యా భాషలు రాస్తున్నారు. దాన్ని అక్కడ ఫిదెల్ అంటారు. ప్రతి హల్లుకూ ఏడు రూపాలు. "లు" కావాలంటే మూల అక్షరానికి కుడివైపు మధ్యలో చిన్న గీత తగులుతుంది. "లి"కి అదే గీత అడుగుకు దిగుతుంది. "లా"కు ఎడమ కాలు పొట్టిదవుతుంది. "లే"కు కుడికాలి అడుగున చిన్న చుట్టు వస్తుంది. నేను బోర్డు మీద ఆ వరుస మాత్రమే వేసి, పేరు చెప్పకుండా, "ఇదేమిటో చెప్పండి" అని వదిలేస్తాను. ఒక ఏడాది చివరి బెంచీలోంచి ఆరో తరగతి పిల్ల లేచి, "మాస్టారూ, ఇది గుణింతం కదా" అంది. గుణింతమే. హల్లును పట్టుకుని అచ్చును గుర్తుగా తగిలించే ఇటువంటి లిపులన్నిటినీ, మన తెలుగు లిపితో సహా, భాషాశాస్త్రవేత్తలు "అబుగిడ" అంటారు, ఆ మాట వచ్చింది కూడా ఇథియోపియా అక్షరాల వరుస నుంచే. అక్కడి పిల్లలు మన "క కా కి కీ" లాగానే "హ హు హి" అని రాగం తీసి వల్లె వేస్తారు.

ఉత్తర ఇథియోపియా కేంద్రంగా వెలసిన ప్రాచీన అక్సుమ్ రాజ్యం క్రీస్తుశకం 3వ శతాబ్దం నుంచి బంగారు, వెండి, కంచు నాణేలు ముద్రించింది. 4వ శతాబ్దంలో దాని రాజు ఎజానా క్రైస్తవం స్వీకరించాడు. మహమ్మద్ ప్రవక్త అనుచరులు మక్కాలో వేధింపులకు తాళలేక 615 ప్రాంతంలో తొలిసారి ఆశ్రయం పొందింది ఈ రాజ్యంలోనే కనుక, ఇస్లాం కూడా ఇక్కడికి మొదటి రోజుల్లోనే వచ్చింది. అక్సుమ్ రేవు అదులిస్ పేరు, మన మచిలీపట్నం ప్రాంతంగా చరిత్రకారులు గుర్తించిన మసాలియా పేరు, క్రీస్తుశకం 1వ శతాబ్దపు గ్రీకు నౌకావ్యాపార గ్రంథం పెరిప్లస్‌లో రెండూ ఉన్నాయి. మన తీరపు సన్న నూలు బట్టల ప్రస్తావన కూడా ఉంది.

ఉత్తర ఇథియోపియాలోని లాలిబెల పట్టణంలో ఉన్న 11 రాతి చర్చీల గురించి చెప్పడానికి నేను సబ్బు బిళ్లలు వాడతాను. వాటిని కట్టలేదు, కొండను పైనుంచి కిందికి తొలిచి తీశారు. సెయింట్ జార్జ్ చర్చి శిలువ ఆకారంలో సుమారు 12 మీటర్ల లోతున, దాని కప్పు చుట్టూ ఉన్న నేలకు సమానంగా ఉంటుంది. అనకాపల్లి దగ్గరి బౌద్ధ క్షేత్రం బొజ్జన్నకొండకు పిక్నిక్ వెళ్లిన పిల్లలకు ఏకశిలలో తొలిచిన స్తూపాలు తెలుసు కాబట్టి పద్ధతి చప్పున అందుతుంది. మట్టి ముద్దతో చేయిస్తే ఈ పాఠం రాదు, ఎందుకంటే మట్టిని మళ్లీ అతికించవచ్చు. సబ్బుతో శిలువ చెక్కుతూ ఒక భుజం విరగ్గొట్టుకున్న ఒకడు "అతికించొచ్చా మాస్టారూ?" అని అడిగాడు. "లాలిబెలలో శిల్పి ఏం చేసి ఉంటాడు?" అని నేను తిరిగి అడిగితే, వాడు కాసేపు చూసి, మిగతా మూడు భుజాలనూ అంతే పొట్టిగా చెక్కాడు.

అపోహ: కాలం లెక్క ప్రపంచమంతటా ఒకటే.

వాస్తవం: ఇథియోపియా ఏడాదికి 13 నెలలు. పన్నెండు నెలలకు ముప్ఫయ్యేసి రోజులు, పదమూడోదైన పాగుమేకు ఐదు, లీపు ఏడాదిలో ఆరు. మన గోడ క్యాలెండరు కంటే అక్కడి సంవత్సరం ఏడెనిమిదేళ్లు వెనక ఉంటుంది కనుక వాళ్లు 2000 సంవత్సరాన్ని మనకు 2007 సెప్టెంబరు 12 అయిన రోజున జరుపుకున్నారు. గంటలను సూర్యోదయం నుంచి లెక్కిస్తారు. మన ఉదయం 7 వాళ్లకు 1. ఈ వారంలో ఒకరోజు తరగతి గడియారాన్ని ఆరు గంటలు వెనక్కి తిప్పి, 9 గంటల ప్రార్థనను 3 గంటల ప్రార్థన చేస్తాను. ప్రధానోపాధ్యాయులకు ముందే చెప్పడం మంచిది; చెప్పకుండా చేసిన ఏడాది మధ్యాహ్న భోజనం గంట విషయంలో చిన్న గందరగోళం జరిగింది. ఇంట్లో ఉగాది, పంచాంగం, జాముల లెక్క ఉన్న పిల్లలకు ఒకే గోడకు రెండు లెక్కలు వేలాడటం వింతగా ఉండదు.

అపోహ: ఇథియోపియా ఎన్నడూ పరాయి పాలనలో లేదు.

వాస్తవం: ఇది అభిమానంతో చెప్పే అపోహ, పోటీ పరీక్షల గైడ్లలో కూడా కనిపిస్తుంది. 1896 మార్చి 1న అద్వా దగ్గర చక్రవర్తి రెండో మెనెలిక్ సేన ఇటలీ సైన్యాన్ని చిత్తుగా ఓడించిన మాట నిజం. సామ్రాజ్ఞి తైతు సైతం తన దండుతో అక్కడ ఉంది. 1936 నుంచి 1941 దాకా ముస్సోలినీ ఇటలీ ఆ దేశాన్ని ఆక్రమించి ఉంచిన మాటా నిజమే, ఆ దండయాత్రలో విషవాయువు వాడారు. మెనెలిక్ స్వయంగా దక్షిణాన ఓరోమో తదితర ప్రజల నేలలను జయించి సామ్రాజ్యంలో కలుపుకొన్నాడని కూడా ఎనిమిదో తరగతికి చెబుతాను, లేకపోతే వాళ్ల దగ్గర కథానాయకుడు మాత్రమే మిగిలిపోతాడు.

అద్వా యుద్ధానికి మూలమైన 1889 నాటి ఉచ్చాలే ఒప్పందం పిల్లలకు బాగా పడుతుంది. దాని 17వ అధికరణం అమ్హారిక్ ప్రతిలో, ఇతర దేశాలతో వ్యవహారాలకు చక్రవర్తి ఇటలీ సాయం తీసుకోవచ్చు అన్న అర్థంలో ఉంది. ఇటాలియన్ ప్రతిలో తీసుకోవాలి అన్న అర్థంలో ఉంది. తరగతిని రెండు జట్లు చేసి, ఒక్కో జట్టుకు ఒక్కో ప్రతిని ఇచ్చి మాట్లాడుకోమంటే, పది నిమిషాల్లో గొడవ మొదలవుతుంది. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూడమని ఎవరో ఒకరు అనేదాకా నేను కలగజేసుకోను.

ఇటలీ 1937లో అక్సుమ్ నుంచి ఎత్తుకుపోయి రోమ్‌లో నిలబెట్టిన రాతి స్తంభం 2005లో తిరిగి వచ్చింది. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో అబెబె బికిలా ఆ స్తంభం పక్కనుంచే వట్టి కాళ్లతో పరుగెత్తి స్వర్ణం గెలిచాడు. నాలుగేళ్లకు టోక్యోలో బూట్లతో మళ్లీ గెలిచాడు. ఈ రెండో వాక్యం తప్పక చెప్పాలి, ఎందుకంటే వట్టి కాళ్ల దగ్గరే ఆగితే పిల్లలు పేదరికం అని రాసుకుంటారు.

అపోహ: ఇథియోపియా అంటే కరువు.

వాస్తవం: 1984-85 కరువు నిజం, వర్షాభావానికి తోడు అంతర్యుద్ధం, నాటి సైనిక ప్రభుత్వ విధానాలు దాన్ని మహా విపత్తుగా మార్చాయి. 2020 నుంచి రెండేళ్లు తిగ్రే ప్రాంతంలో సాగిన యుద్ధమూ నిజం. వీటిని దాచను, కానీ మొదటి వారంలో చెప్పను. గుంటూరు సీమను ఊడ్చేసిన 1832-33 డొక్కల కరువుతోనే ఎవరైనా తమ పిల్లలకు తెలుగు నేలను పరిచయం చేస్తే మనకెలా ఉంటుంది?

తిండి గురించి తిండితోనే చెప్పాలి. గసగసాలంత సన్నటి టెఫ్ గింజల పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, పెద్ద గుండ్రటి పెనం మీద బయటి అంచు నుంచి లోపలికి చుట్లుగా పోసి ఇంజెర చేస్తారు. మన దోసె గరిటె తిరిగేది లోపలి నుంచి బయటికి. తిరగేయకుండా ఒక వైపే కాలుస్తారు. పైన పడే చిల్లులను కళ్లు అంటారు. అక్కడి సనాతన (ఆర్థడాక్స్) క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో, పెద్ద ఉపవాస దినాల్లో మాంసం, పాలు ముట్టరు కాబట్టి పప్పు కూరలు ఎన్నో రకాలు. అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని, ఒకరి నోటికి ఒకరు ముద్ద అందించడాన్ని గుర్షా అంటారు. గోరుముద్ద అని మా పిల్లలు వెంటనే అన్నారు. టెఫ్ ఇక్కడ దొరకదు. చోళ్ల (రాగి) పిండి పులియబెట్టి అట్టు వేస్తాం, అది ఇంజెర కాదని చెప్పి మరీ పెడతాను.

అపోహ: వేషాలు వేసి నృత్యం చేయిస్తే సంస్కృతి తెలుస్తుంది.

వాస్తవం: ఒక బడి వార్షికోత్సవంలో "ఆఫ్రికా డాన్స్" పేరిట పిల్లల ముఖాలకు నల్ల రంగు పూసి, నడుముకు ఆకులు కట్టి, ఈటెలిచ్చి గెంతించారు. ముందు వరుసలో అతిథిగా కూర్చున్న నేను ఆ రోజు ఏమీ అనలేకపోయాను. ఎనభైకి పైగా భాషలున్న ఇథియోపియాలో అమ్హారా ప్రాంతపు ఎస్కిస్త నృత్యం భుజాలతో చేస్తారు, కట్టేది అంచు నేసిన తెల్లటి నూలు బట్ట. భుజాలు మాత్రమే కదిలించడం ఎంత కష్టమో రెండు నిమిషాలు ప్రయత్నిస్తే తెలుస్తుంది. దానికి రంగు అక్కర్లేదు.

అపోహ: మన పిల్లలకూ ఇథియోపియాకూ సంబంధమేముంది?

వాస్తవం: శీతాకాలంలో అరకు దారిలో జనం ఆగి ఫోటోలు దిగే పసుపుపచ్చ వలిసె పూల శాస్త్రీయ నామం గైజోషియా అబిసినికా, అంటే అబిసీనియా మొక్క. అబిసీనియా ఇథియోపియా పాత పేరు. అక్కడ ఆ గింజను నూగ్ అని పిలిచి నూనె తీస్తారు. అరకు తోటల అరబికా కాఫీకి పుట్టిల్లు ఇథియోపియా నైరుతి అడవులు. మన అంబలికి ఆధారమైన చోళ్లు కూడా తూర్పు ఆఫ్రికా ఎత్తైన నేలల్లో మొదట సాగై మనకు చేరినవే. ఈ మూడింటినీ మూడు గిన్నెల్లో బల్ల మీద పెట్టి, ఏది ఎక్కడిదో చెప్పమంటే, అన్నీ మనవే అంటారు.

మనుషులూ వచ్చారు. హబ్షీ అంటే అబిసీనియా మనిషి. హైదరాబాదులో హబ్సిగూడ, నిజాం ఆఫ్రికన్ ఆశ్విక దళం పేరు మోస్తున్న ఏసీ గార్డ్స్ ఆ జ్ఞాపకాలే. 1548 ప్రాంతంలో ఇథియోపియాలో పుట్టి, బాల్యంలోనే బానిసగా అమ్ముడై, చేతులు మారి దక్కనుకు చేరిన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపి, మొగలులను దశాబ్దాలు నిలువరించి, తరువాత ఔరంగాబాద్ అయిన ఖడ్కీ నగరాన్ని స్థాపించాడు. బానిసత్వం మాట పిల్లల ముందు ఎత్తకూడదనే తల్లిదండ్రులు ఇక్కడ అభ్యంతరం చెబుతుంటారు. ఆరో తరగతికి నేను అమ్మారని, కొన్నారని, పేరు కూడా మార్చారని మాత్రమే చెబుతాను. ఎనిమిదికి ఎర్ర సముద్రం మీదుగా సాగిన ఆ వ్యాపారాన్ని పటంలో గీయిస్తాను. మా దగ్గర ఏటా వచ్చే మొదటి ప్రశ్న అతని అసలు పేరేమిటన్నది. చాపు అని చెబుతాను, పిల్లలు నోటు పుస్తకంలో మాలిక్ అంబర్ పక్కన ఆ పేరు కూడా రాసుకుంటారు.