'నాకు లెక్కలు రావు' అనే మాట వెనక

చదవడం రాదని ఒప్పుకోవడానికి మొహమాటపడే మనిషి కూడా "నాకు లెక్కలు రావు" అని నవ్వుతూ అనేస్తాడు. చాలాకాలం దాన్ని తెలివికి సంబంధించిన విషయంగానే చూశారు. అంకెలంటే భయం వేరు, తెలివి వేరు అని 1957లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు డ్రెగర్, ఐకెన్ రాశారు. 1972లో రిచర్డ్‌సన్, స్యూయిన్ ఆ భయాన్ని కొలవడానికి 98 ప్రశ్నలు తయారుచేశారు.

భయం సంగతి అలా ఉండగా, నమ్మకం సంగతి 1977లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా ఎత్తుకున్నాడు. "నీ మీద నీకు నమ్మకం ఉందా?" అని గుండుగుత్తగా అడిగితే ఏమీ తేలదు, "ఈ పని చేయగలవా?" అని అడగాలన్నది ఆయన పట్టు. 1981లో డేల్ షంక్‌తో కలిసి తీసివేతల్లో వెనకబడిన పిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. మొత్తం 42 పేజీలు, ఏడు రోజుల పని. కొందరితో రోజుకు ఆరు పేజీలు చెయ్యమన్నారు. ఇంకొందరితో చివరికల్లా 42 పూర్తి చెయ్యమన్నారు. రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. కానీ ఆరేసి పేజీల పిల్లలకే తీసివేతలు బాగా పట్టుబడ్డాయి, చేయగలమన్న నమ్మకమూ వాళ్లకే ఎక్కువ పెరిగింది. ధైర్యం చెప్పే ప్రసంగాలకన్నా ఆ ఆరో పేజీ పూర్తికావడమే ఎక్కువ పని చేసిందని నేననుకుంటాను.

టెన్షన్ ఎలా దెబ్బతీస్తుందో 2001లో యాష్‌క్రాఫ్ట్, కర్క్ వివరించారు: లెక్క చేస్తూ మనసులో పట్టి ఉంచుకోవాల్సిన అంకెల చోటును కంగారు ఆక్రమిస్తుంది. పదుల స్థానం అప్పు తెచ్చుకున్న సంగతి అక్కడే జారిపోతుంది.

గణిత అక్షరాస్యత ముఖ్యాంశంగా 2003లో జరిగిన పీసా పరీక్ష (దేశదేశాల పిల్లల చదువును పోల్చి చూసే అంతర్జాతీయ పరీక్ష) బండూరా పద్ధతినే పట్టుకుంది. 30 శాతం తగ్గింపు ఇస్తే టీవీ ఎంత చవకవుతుందో, గచ్చుకు ఎన్ని చదరపు మీటర్ల టైల్స్ కావాలో లెక్కించగలరా అని పదిహేనేళ్ల పిల్లల్ని అడిగింది. చేయగలమన్నవాళ్లకు సగటున మార్కులూ ఎక్కువే వచ్చాయి. నమ్మకం మార్కుల్ని పెంచిందా, మార్కులు నమ్మకాన్నా? ఒక్కసారి జరిపిన సర్వేతో అది తేలదు. రెండూ ఒకదాన్నొకటి లాక్కొస్తాయనే వాదనే నాకు సబబుగా తోస్తుంది.

చిక్కంతా జపాన్, దక్షిణ కొరియాలతో వచ్చింది. మార్కుల్లో పైన ఉన్న ఆ పిల్లలే లెక్కల్లో తమ మీద తమకు నమ్మకం చాలా తక్కువని చెప్పుకున్నారు. దీనికి ఒక జవాబు మనస్తత్వ శాస్త్రవేత్త హెర్బర్ట్ మార్ష్ 1980ల్లోనే ఇచ్చి ఉన్నాడు: పిల్లవాడు తనను పోల్చుకునేది ప్రపంచంతో కాదు, పక్క బెంచీవాడితో.