డ్రై ఫైర్‌తో ఎయిర్ పిస్టల్ అరిగిపోతుందా? అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్‌లో పిల్లలకు పది మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్పుతాను, వారి పిస్టళ్ల చిన్నాచితకా మరమ్మతులూ చూస్తాను. తల్లిదండ్రులు నన్ను అడిగేది దాదాపు ఒకటే: "సార్, లక్షకు పైగా పెట్టి కొన్నాం. రోజూ గోడ ముందు నిలబడి ఉత్తినే ట్రిగ్గర్ నొక్కుతుంటే పాడైపోదా?" ఇలా కాల్చకుండా ఉత్తినే ట్రిగ్గర్ నొక్కి చేసే సాధననే డ్రై ఫైర్ అంటారు.

అపోహ: ఖాళీగా నొక్కితే లోపలి భాగాలు దెబ్బతింటాయి.

వాస్తవం: అది పిస్టల్ రకాన్ని బట్టి ఉంటుంది. స్ప్రింగుతో పనిచేసే పాత రకాల్లో ఈ భయం నిజమే. పెల్లెట్ (చిన్న సీసపు గుండు) ఉంటే దాని వెనుక అణిగిన గాలి పిస్టన్ వేగాన్ని ఆపుతుంది. లేకపోతే పిస్టన్ నేరుగా వెళ్లి లోపలి ముందు గోడకు కొట్టుకుంటుంది. సీలు, స్ప్రింగు రెండూ దెబ్బతింటాయి. ఇప్పుడు పోటీల్లో కనిపించే స్టెయర్, పార్డిని, వాల్తర్ పిస్టళ్లు సిలిండర్‌లో నింపిన గాలితో నడుస్తాయి. వీటిలో డ్రై ఫైర్ కోసం ప్రత్యేక ఏర్పాటు ఉంటుంది. ఆ స్థితిలో ట్రిగ్గర్ నొక్కితే సియర్ (ట్రిగ్గర్ లోపలి కొక్కెం) జారి 'టక్' మంటుంది, అంతే. హామర్ (లోపలి చిన్న సుత్తి) గాలిని వదిలే వాల్వ్‌ను కొట్టదు, గాలి బయటికి రాదు. ఏమైనా అరిగితే ట్రిగ్గర్ యూనిట్‌లోనే అరగాలి, అదీ చాలా నెమ్మదిగా. తయారీదారులు ఆ ఏర్పాటు పెట్టింది వాడడానికే కదా!

పెల్లెట్ పెట్టకుండా గాలి మాత్రం వదలడం డ్రై ఫైర్ కాదు. పోటీలో సన్నాహక సమయంలో డ్రై ఫైర్‌కు అనుమతి ఉంది.

అపోహ: ట్రిగ్గర్ తేలికైందంటే డ్రై ఫైర్‌తో అరిగినట్టే.

వాస్తవం: ముందు ట్రిగ్గర్ బిగువును సరిచేసే స్క్రూలు చూడండి, తర్వాత దుమ్ము చూడండి. పోటీ నిబంధన ప్రకారం ట్రిగ్గర్ లాగడానికి పట్టే బరువు 500 గ్రాములకు తగ్గకూడదు. బ్యారెల్‌ను నిట్టనిలువుగా పట్టి, ట్రిగ్గర్‌కు ఆ 500 గ్రాముల బరువు తగిలించి, మెల్లగా పైకి లేపాలి. బరువు నేల వదిలేలోపు టక్‌మంటే సరిచేయాల్సిందే. పోటీ తనిఖీలో మూడు ప్రయత్నాలే ఇస్తారు కాబట్టి కాస్త ఎక్కువకే బిగించుకోవడం మేలు.

అపోహ: ఎంత నూనె వేస్తే అంత మన్నిక.

వాస్తవం: నన్ను విసిగించేది ఇదే. కుట్టుమిషన్ నూనె తెచ్చి ట్రిగ్గర్‌లో పోస్తారు. మన ఎండాకాలపు దుమ్ము దానికి అంటుకుని నల్లటి ముద్దవుతుంది, సియర్ అంచు దాన్ని నూరుకుంటూ కదులుతుంది. డ్రై ఫైర్ చేయలేని హాని ఈ ముద్ద చేస్తుంది. అధిక పీడనపు గాలి తగిలే చోట మామూలు నూనె మండే ప్రమాదమూ ఉంది. కంపెనీ చెప్పిన గ్రీజు, చెప్పిన చోట, చుక్కంత చాలు.

ఎండలో నిలిపిన కారులోనూ పిస్టల్ వదలకండి. 25 డిగ్రీల దగ్గర 200 బార్ పీడనంతో నింపిన సిలిండర్ 60 డిగ్రీలకు చేరితే పీడనం 220 బార్ దాటుతుంది.

సెకండ్ హ్యాండ్ కొనేవారు ఎంత డ్రై ఫైర్ చేశారని అడుగుతారు గాని, సిలిండర్ మీది తేదీ చూడరు. పోటీ నిబంధనల్లో దాని చెల్లుబాటు గరిష్ఠంగా పదేళ్లు. గడువు దగ్గరపడి ఉంటే కొత్త సిలిండర్ ధరను బేరంలోనే తగ్గించి అడగండి.