జాజ్ ట్రాంబోన్ మీద అపోహలు, వాస్తవాలు: జేజే జాన్సన్ సాక్షిగా

పొట్టకూటికి సాఫ్ట్‌వేర్, మిగతా టైమంతా ట్రాంబోన్. న్యూజెర్సీలో పదిహేడు మందితో నడిచే ఒక బిగ్ బ్యాండ్‌లో మూడో ట్రాంబోన్ కుర్చీ నాది. తెలుగువాళ్లు కలిసిన ప్రతి ఫంక్షన్‌లోనూ "ఆ ముందుకీ వెనక్కీ లాగే బాకానా?" అని మొదలుపెట్టి నాలుగైదు మాటలు అంటుంటారు. చూడ్డానికి ప్రశ్నల్లా ఉంటాయి గానీ నిజానికి అవి తీర్పులు. జవాబు చెప్పబోయిన ప్రతిసారీ నేను ఒకే మనిషి దగ్గరికి వెళ్లి ఆగుతాను. ఆయన అమెరికన్ జాజ్ ట్రాంబోన్ వాద్యకారుడు జేజే జాన్సన్. 1924లో ఇండియానాపోలిస్‌లో పుట్టారు. తొమ్మిదేళ్లకు పియానో, పద్నాలుగేళ్లకు ట్రాంబోన్ పట్టారు. 1942లో బెన్నీ కార్టర్ ఆర్కెస్ట్రాలో చేరేనాటికి వయసు పద్దెనిమిది.

అపోహ: స్లైడ్ (ముందుకీ వెనక్కీ జరిగే గొట్టం) ఉంది కాబట్టి ఎక్కడి నుంచి ఎక్కడికైనా జారొచ్చు

మా పెద్దమ్మ వీణ నేర్చుకున్న మనిషి. నా ట్రాంబోన్ మొదటిసారి చూసి "ఇది గమకాల కోసమే పుట్టినట్టుందిరా" అంది. అందులో సగమే నిజం.

స్లైడ్‌కి ఏడు పొజిషన్లు. పూర్తిగా లోపలికి ఉంటే ఒకటి, చెయ్యి బారచాపితే ఏడు. పొజిషన్ మారినప్పుడల్లా శ్రుతి ఒక్కో స్వరస్థానం దిగుతుంది. కాబట్టి ఒక్క జారుకి దొరికేది ఆరు స్వరస్థానాలే. తారషడ్జాన్ని ఒకటో పొజిషన్‌లో పెట్టుకుని కిందికి జారితే ప్రతిమధ్యమం దగ్గర స్లైడ్ అయిపోతుంది. పక్కనే ఉన్న శుద్ధమధ్యమం అందదు. అది కావాలంటే పెదాల బిగువు మార్చి, స్లైడ్‌ని మళ్లీ పైకి లాక్కుని, ఇంకో స్వరాల వరుసలోకి దూకాలి. పైగా స్లైడ్ మీద మెట్లూ గీతలూ ఏమీ ఉండవు. వయొలిన్‌కి లాగే చెవే దిక్కు.

అపోహ: ఈ వాయిద్యం వేగానికి పనికిరాదు

ఈ మాట మనవాళ్లదే కాదు. 1940ల్లో అమెరికాలో చాలామంది సంగీతకారులే అనుకున్నారు. న్యూ ఆర్లీన్స్ తొలిరోజుల్లో ట్రాంబోన్ పని ట్రంపెట్ కింద పెద్దపెద్ద జారులు వేయడం. బండి మీద బ్యాండ్ ఊరేగేటప్పుడు స్లైడ్ ఎవరికీ తగలకుండా ట్రాంబోన్ మనిషిని బండి వెనక అంచున కూర్చోబెట్టేవారట. ఆ శైలికి టెయిల్‌గేట్ అనే పేరు అలా వచ్చిందంటారు.

అలాంటి సమయంలో సాక్సోఫోన్ వాయించే చార్లీ పార్కర్, ట్రంపెట్ వాయించే డిజ్జీ గిలెస్పీల బీబాప్, అంటే మహా వేగంగా నడిచే కొత్త జాజ్ శైలి, వచ్చిపడింది. సాక్సోఫోన్‌కి వేళ్లు కదిలితే చాలు, ట్రంపెట్‌కి మూడు మీటలు చాలు. మాకు మోచెయ్యి కదలాలి. జాన్సన్ చేసిందేమిటంటే, ముందు జారుల్నీ, స్వరాన్ని వణికించడాన్నీ బాగా తగ్గించేశారు. ప్రతి స్వరం మొదలూ విడిగా, శుభ్రంగా వినపడేలా నాలుకని సాధన చేశారు. ఇంకోటి, ఒకే స్వరం రెండు మూడు చోట్ల దొరుకుతుంది ఈ వాయిద్యంలో. ఉదాహరణకు పియానో మధ్యలో ఉండే డి స్వరం మాకు ఒకటో పొజిషన్‌లోనూ ఉంది, నాలుగో పొజిషన్‌లోనూ ఉంది. ముందూ వెనకా ఏ స్వరాలున్నాయో చూసుకుని దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంటే చెయ్యి కదలాల్సిన దూరం తగ్గుతుంది. వేగం సగం అక్కడే ఉంది. 1947 డిసెంబర్‌లో ఆయన పార్కర్ పక్కన నిలబడి రికార్డింగ్ చేశారు. రికార్డులు విన్న కొందరు అది స్లైడ్ కాదు, మీటల ట్రాంబోన్ అయ్యుంటుందని అనుకున్నారు.

ఆయన సోలో ఒక్కటి ఎక్కించుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అదీ ముప్పావు వేగంలో.

అపోహ: ఏనుగంత ఊపిరి ఉండాలి

అక్కర్లేదు. శబ్దం పుట్టేది పెదాలు అదిరితే. గాలి ఎక్కువ లాగడం కంటే పొదుపుగా వదలడమే కష్టం. బ్యాండ్ నాయకుడు టామీ డార్సీ ట్రాంబోన్‌లో ఊపిరి తెగకుండా పొడుగు వాక్యాలు ఎలా నడిపేవాడో పక్కనే నిలబడి గమనించి, గాయకుడు ఫ్రాంక్ సినాత్రా తన పాటకి వాడుకున్నాడు.

అపోహ: జాజ్‌లో తోచింది వాయించడమే, రాసేదేముంది?

నాకు చిర్రెత్తేది దీనికే. మనోధర్మం ఉందని కర్ణాటక సంగీతంలో కీర్తనలు రాయడం మానేశారా?

అసలు ట్రాంబోన్ వాళ్లలో స్వరకర్తలూ అరేంజర్లూ (ఏ వాయిద్యం ఏం వాయించాలో రాసిపెట్టేవాళ్లు) ఇంతమంది ఎందుకున్నారో నా కుర్చీలో కూర్చుంటే అర్థమవుతుంది. ట్రంపెట్‌కి వరస ఉంటుంది, జనం ఇంటికెళ్తూ పాడుకునేది దాన్నే. మూడో ట్రాంబోన్‌కి ఉండేది మధ్యలో ఇరుక్కున్న స్వరం. విడిగా వింటే దానికి ముఖమే ఉండదు. కానీ నేను అర మెట్టు దిగితే మొత్తం బ్యాండ్ రంగు మారిపోతుంది. ఏళ్ల తరబడి ఆ మధ్య గదిలో కూర్చున్నవాడికి, పైన ఏం జరుగుతోందో కింద ఏం జరుగుతోందో వినక తప్పదు. బాబ్ బ్రూక్‌మైయర్, మెల్బా లిస్టన్, స్లైడ్ హాంప్టన్, సినాత్రాకి అరేంజ్‌మెంట్లు రాసిన నెల్సన్ రిడిల్, అందరూ ట్రాంబోన్ వాళ్లే. డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండ్‌లోని హువాన్ టిజోల్ కూడా అంతే. "కారవాన్" వరస ఆయనదే.

జాన్సన్ ఈ దారిలో చాలా దూరం వెళ్లారు. 1954 నాటి "లామెంట్" నేటికీ జాజ్ వాళ్లు వాయిస్తున్నారు. 1956లో ఇత్తడి వాయిద్యాల కోసం "పొయెమ్ ఫర్ బ్రాస్" రాశారు. అది విన్న గిలెస్పీ, తన కోసం ఒక పూర్తి రికార్డుకి సరిపడా రాయమని అడిగారు. 1961లో "పర్సెప్షన్స్" అలా తయారైంది. ఆరు భాగాలు, గంతర్ షుల్లర్ సంచాలకత్వం, ముందు నిలబడి వాయించింది గిలెస్పీ. జాన్సన్ తన ట్రాంబోన్ పక్కన పెట్టి, మరొకరి ట్రంపెట్ కోసం రాసిన సంగీతం అది.

అపోహ: ఒకసారి పేరొస్తే లైఫ్ సెటిల్

1952 నాటికి జాన్సన్ పేరున్న బ్యాండ్ నాయకుడు కౌంట్ బేసీ దగ్గర చేసేశారు, పార్కర్‌తో చేసేశారు, ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్‌తో చేసేశారు. ఆ ఏడాదే ఆయన స్పెర్రీ జైరోస్కోప్ కంపెనీలో బ్లూప్రింట్లు తనిఖీ చేసే ఉద్యోగంలో చేరారు. 1954 దాకా అక్కడే పని.

వాయించడం మానేశారా? 1953 జూన్‌లో ట్రంపెట్ వాయించే క్లిఫర్డ్ బ్రౌన్‌తో బ్లూ నోట్ రికార్డుల సంస్థకి చేసిన రికార్డింగ్, 1954 ఏప్రిల్‌లో మైల్స్ డేవిస్ "వాకిన్" రికార్డింగ్, రెండూ ఆ ఉద్యోగం చేస్తుండగానే. సోమవారం పొద్దున లాగిన్ అయ్యేటప్పుడు నాకు ఈ విషయం చాలాసార్లు గుర్తొస్తుంది. పోలికకి కాదు లెండి, ధైర్యానికి.

ఆ తర్వాత కాయ్ విండింగ్‌తో కలిసి రెండు ట్రాంబోన్ల జట్టు కట్టారు. అదీ జనానికి నచ్చింది. రెండు ట్రాంబోన్లు ముందు నిలబడితే ఎవరు వింటారన్నది అప్పటిదాకా ఉన్న ఇంకో అపోహ. 1956కల్లా ఆ జట్టు కూడా ముగిసింది. 1970లో లాస్ ఏంజెలెస్‌కి మకాం మార్చి సినిమాలకీ టీవీకీ రాయడం మొదలుపెట్టారు. "అక్రాస్ 110త్ స్ట్రీట్" 1972లో, "క్లియోపాట్రా జోన్స్" 1973లో వచ్చాయి. కచేరీలు దాదాపు లేనట్టే. జాజ్‌ని వదిలేశాడని కొందరికి బాధ. నాకు మాత్రం అది ఇరవై ఏళ్లుగా చేస్తున్న రాతపనికే ఇంకో ఆఫీసులా కనిపిస్తుంది. 1987లో మళ్లీ వేదిక ఎక్కారు. మరుసటేడు న్యూయార్క్ జాజ్ క్లబ్ విలేజ్ వాన్‌గార్డ్‌లో చేసిన రికార్డింగులు వినండి, పదిహేనేళ్లు పైగా కచేరీలకు దూరంగా ఉన్న పెదాలని ఎవరూ అనుకోరు. 1996లో అమెరికా ప్రభుత్వ కళల సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ ఆయనకి జాజ్ మాస్టర్ గౌరవం ఇచ్చింది. 2001లో పుట్టిన ఊళ్లోనే పోయారు.

అపోహ: అమ్మాయిలకీ, చేతులు పొట్టిగా ఉన్న పిల్లలకీ కుదరదు

ఇక్కడి స్కూళ్లలో బ్యాండ్‌కి వాయిద్యం ఎంచుకునే సీజన్ రాగానే మనవాళ్ల ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, పాపకి ట్రాంబోన్ ఇచ్చారు, మార్పించమంటావా?" అని. మెల్బా లిస్టన్ చిన్నతనంలోనే ట్రాంబోన్ పట్టుకుని గిలెస్పీ బిగ్ బ్యాండ్ దాకా వెళ్లింది. అందులో వాయించింది, దానికి రాసింది కూడా. ఇక చెయ్యి అందకపోవడం నిజమైన ఇబ్బందే గానీ మందు లేనిది కాదు. మొదట్లో పిల్లల పాఠాలకి ఏడో పొజిషన్ పెద్దగా అవసరం పడదు. ఆరు, ఏడు మరీ ఇబ్బంది పెడితే ఎఫ్ ట్రిగ్గర్ ఉన్న ట్రాంబోన్ అడగండి. ఎడమ బొటనవేలితో మీట నొక్కితే అదనపు గొట్టం తెరుచుకుంటుంది, దూరంగా ఉన్న కింది స్వరాలు కొన్ని దగ్గరికి వచ్చేస్తాయి. కాస్త బరువెక్కువ, ధర కూడా ఎక్కువ. అందుకే మొదటి ఏడాది కొనొద్దు, అద్దెకి తీసుకోండి. తీసుకునేటప్పుడు స్లైడ్‌ని ఒకసారి నిలువుగా పట్టుకుని, లాక్ తీసి, కింద చెయ్యి అడ్డుపెట్టి మెల్లగా వదలండి. ఎక్కడైనా ఆగితే లోపల సొట్ట ఉన్నట్టు, వేరేది ఇమ్మనండి.