చలికాలంలో పెరటి కోళ్లు: అసలు తంటా తడితోనే (అపోహలు - వాస్తవాలు)

ధనుర్మాసం మంచు మొదలవగానే నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో కోళ్ల గూళ్ల చుట్టూ యూరియా సంచులు, టార్పాలిన్ పట్టలు కట్టేస్తుంటారు. కోళ్ల మీద ప్రేమతో చేసే పనే అయినా, దీనివల్ల మేలు కంటే కీడు ఎక్కువ. ఈశాన్య రుతుపవనాలు మనల్ని అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తడుపుతూనే ఉంటాయి. చలి ముదిరేసరికి గూటి నేల, ఊక అన్నీ చెమ్మెక్కి ఉంటాయి. ఆ చెమ్మను పట్టలతో లోపలే బిగించామంటే జబ్బులను చేతులారా పెంచుకున్నట్టే.

అపోహ: చలి తగలకుండా గూడు నాలుగువైపులా మూసేయాలి.

ఎదిగిన కోడి ఒంటి వేడి 41 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. ఈకలు పొంగించి కూర్చుంటే మన రాత్రి చలిని అది సులువుగా కాచుకుంటుంది. ఉదయగిరి, కనిగిరి వైపు మెట్టల్లో చలి ఇంకాస్త ఎక్కువైనా నాలుగు గింజలు అదనంగా తిని తట్టుకుంటుంది. తడిసిన ఈకలు, ఒంటికి నేరుగా కొట్టే ఈదురుగాలి, రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా, ఈ మూడింటినీ మాత్రం ఓర్చుకోలేదు.

తెల్లవారుజామున గూటి తలుపు తీయగానే కోడి ఎత్తుకు వంగి ఒకసారి గాలి పీల్చి చూడండి. ఘాటు ముక్కుకు తగిలి కళ్లు మండాయంటే రాత్రంతా కోళ్లు పీల్చింది ఆ గాలినే. అది గొంతు గొట్టంలోని సన్నని పొరను దెబ్బతీస్తుంది. ఆ తర్వాతే గురక, ముక్కు కారడం, ముఖం వాయడం మొదలవుతాయి.

ఈ కాలంలో మనకు గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి ఉత్తరం, తూర్పు వైపుల పట్ట కట్టండి. ఆ వైపుల కూడా కప్పు కింద అడుగు మేర ఖాళీ వదలాలి, వేడెక్కిన చెమ్మగాలి పైనుంచి పోవడానికి అదే దారి. దక్షిణం, పడమర వైపుల వల ఒక్కటే చాలు. తుపాను రోజుల్లో జల్లు కొట్టే వైపు కూడా పట్ట దించండి, వాన ఆగగానే ఎత్తేయండి. కోళ్లు ఎక్కి పడుకునే కర్ర ఆ ఖాళీకి బాగా కిందుగా, నేల నుంచి 2 అడుగుల ఎత్తులో ఉండాలి. గుండ్రటి సన్న కర్ర కంటే 2 అంగుళాల వెడల్పున్న బల్లపరుపు చెక్క మేలు, దాని మీద కూర్చుంటే పొట్ట ఈకలు కాలివేళ్లను కప్పేస్తాయి. కోడికి 8 అంగుళాల చోటు లెక్కన చూసుకోండి.

గంప కింద కమ్మేవాళ్లు కింద చెక్క గానీ, పొడి గోనె మీద ఊక గానీ వేయండి. గంప మీద కప్పాల్సింది గోనెపట్ట, దానిలోంచి గాలి ఆడుతుంది. ప్లాస్టిక్ పట్టలోంచి ఆడదు.

అపోహ: ఊక మందంగా పోస్తే చాలు, ఇక చూడక్కర్లేదు.

వరి ఊక 4 నుంచి 6 అంగుళాల మందం ఉండాల్సిందే, కానీ రోజు విడిచి రోజు తిరగేయాలి. పిడికెడు ఊక తీసుకుని గట్టిగా పిసికి చెయ్యి తెరవండి. ఉండ ఉండలాగే నిలిస్తే తడి ఎక్కువైనట్టు. మెల్లగా విచ్చుకుంటే సరిగ్గా ఉన్నట్టు. తడి తెలిస్తే కోళ్లు బయటికి పోయాక 100 చదరపు అడుగులకు కిలో పొడిసున్నం చల్లి, ఊకలో బాగా కలియబెట్టండి. పైపైన చల్లి వదిలేస్తే కోళ్ల కాళ్లూ కళ్లూ మండుతాయి. నీళ్ల గిన్నె చుట్టూ గట్టిపడిన పెళ్లలను ఏ రోజువి ఆ రోజే తీసెయ్యండి. గిన్నెను ఇటుకల మీద కోడి వీపు ఎత్తుకు పెడితే నీళ్లు ఒలకడం బాగా తగ్గుతుంది.

ఊక గురించి ఇంతగా చెప్పడానికి కారణం రక్తపారుడు. రెట్టలో పడిన కాక్సిడియా అనే సూక్ష్మజీవి గుడ్లు తడి, గోరువెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే జబ్బు తెచ్చే దశకు వస్తాయి. 3 నుంచి 8 వారాల పిల్లలు రెక్కలు వేలాడేసి మూలన తూగుతూ, రెట్టలో నెత్తురు కనిపిస్తే ఆలస్యం చేయకండి. పశువైద్యుడు చెప్పిన మోతాదులో ఆంప్రోలియం నీళ్లలో కలిపి 5 నుంచి 7 రోజులు ఇవ్వాలి. ఆ రోజుల్లో పిల్లలకు వేరే నీళ్లు అందకూడదు. ఊక మార్చకుండా మందొక్కటే పోస్తే మళ్లీ వస్తుంది.

అపోహ: కొక్కెర తెగులు చలికి వస్తుంది. వెల్లుల్లి, పసుపు, కాస్త సారా పడితే ఆగిపోతుంది.

కొక్కెర తెగులు వైరస్ వల్ల వచ్చే జబ్బు. సంక్రాంతి ముందు సంతల్లో, ఊళ్ల మధ్య కోళ్లు చేతులు మారడంతో ఈ రోజుల్లో దానికి మంచి దారి దొరుకుతుంది. పచ్చటి పారుడు, నోరు తెరిచి రొప్పడం, మెడ తిరిగిపోవడం కనిపించాక దాన్ని నయం చేసే మందు లేదు. సారా పడితే నష్టమే తప్ప లాభం లేదు.

కాపాడేది టీకా. 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా అనే టీకా కంట్లో ఒక చుక్క, 4వ వారంలో మళ్లీ ఒకసారి, 8వ వారంలో ఆర్‌టూబీ అనే టీకా రెక్క దగ్గర చర్మం కిందికి అర మిల్లీలీటరు. ఆ తర్వాత ఆరు నెలలకోసారి. ఆర్‌టూబీకి వారం ముందు నట్టల మందు తాగించండి. తూగుతున్న కోడికి టీకా వేయకండి.

టీకా వేసినా కోళ్లు చచ్చాయనే మాట తరచూ వినిపిస్తుంది. చాలాసార్లు చెడింది దారిలోనే. సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, చొక్కా జేబులో తెస్తే అందులో పని చేసే టీకా మిగలదు. ఐసు వేసిన ఫ్లాస్కులో తేవాలి, కలిపాక 2 గంటల్లో వాడేయాలి. సీసాలో 100 డోసులుంటాయి, ఇంట్లో పది కోళ్లే ఉంటాయి. మిగిలింది దాచుకుని రేపు వేస్తే వృథా. వీధిలో అందరూ ఒకే పొద్దున వేయించుకోండి. పక్కింటి కోళ్లకు టీకా పడితే మీ కోళ్లకూ కాపుదలే.

అపోహ: పిల్లల దగ్గర బల్బు వెలుగుతోంది కదా, వెచ్చగానే ఉంటాయి.

చలికి నిజంగా చచ్చేవి పిల్లలే. మొదటి వారం వాటి వీపు ఎత్తులో 35 డిగ్రీలు కావాలి, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ ఈ కాలంలో నాలుగు వారాలు వేడి ఇవ్వాలి. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుందే గానీ వేడి ఇవ్వదు. పాతరకం ఫిలమెంటు బల్బులు 60 వాట్లవి రెండు, 50 పిల్లలకు సరిపోతాయి. సరిపోయిందో లేదో పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపు కడితే చాలడం లేదు, దూరంగా పోయి రొప్పితే ఎక్కువైంది, అన్నీ ఒక పక్కకే చేరితే ఎదుటి పక్క నుంచి గాలి కొడుతోంది.

కరెంటు పోతే బొగ్గుల కుంపటి మాత్రం మూసిన గదిలో పెట్టకండి. పొగ కనిపించకపోయినా నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, తెల్లారేసరికి పిల్లలన్నీ పడిపోయి ఉంటాయి. వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి మధ్యలో పెట్టండి.

అపోహ: చలికి గుడ్లు తగ్గాయి, ఉలవలు పెడితే పెట్టేస్తాయి.

తగ్గింది పగటి వెలుగు. డిసెంబరులో మనకు పగలు 11 గంటల పావే, గుడ్లు బాగా పెట్టాలంటే 14 గంటలైనా వెలుగు ఉండాలి. తెల్లవారుజామున బల్బు వేయండి, వారానికి అరగంట చొప్పున పెంచండి. దీనికి ఎల్‌ఈడీ చాలు. ఈకలు రాల్చుకుంటున్న పెట్టను మాత్రం వదిలేయండి, కొత్త ఈక వచ్చేదాకా అది గుడ్డు పెట్టదు. సాయంత్రం గూటికి చేరే ముందు కోడికి 30 నుంచి 50 గ్రాముల మొక్కజొన్న నూక గానీ సజ్జలు గానీ వేస్తే రాత్రి ఒంటి వేడికి ఆసరా.

అపోహ: బూజు పట్టిన మేత ఎండబెట్టి పెట్టొచ్చు.

వద్దు. వేరుశనగ చెక్కలో, మొక్కజొన్నలో బూజు వదిలే అఫ్లాటాక్సిన్ ఎండకూ పోదు, ఉడికించినా పోదు. కాలేయాన్ని తినేస్తుంది, టీకా పట్టనివ్వదు. పారబోయండి.

అపోహ: సంతలో చూసి తెచ్చిన చురుకైన పుంజే, నేరుగా గుంపులో కలిపేయొచ్చు.

కొక్కెర తెగులు పైకి తేలడానికి రెండు వారాల దాకా పట్టొచ్చు. అంతవరకు పుంజు చురుగ్గానే కనిపిస్తుంది. 21 రోజులు వేరే చోట, వేరే గిన్నెతో ఉంచండి. మేత ముందు పాత కోళ్లకు వేసి, ఆ తర్వాతే దాని దగ్గరికి వెళ్లండి.

అపోహ: బర్డ్ ఫ్లూ పెద్ద ఫారాలకే, పెరటి కోళ్లకు రాదు.

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు, కోవూరు మండలాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. పులికాట్ సరస్సుకు, నేలపట్టు పక్షుల కేంద్రానికి వలస పక్షులు వచ్చేది కూడా ఈ నెలల్లోనే. చెరువుకట్టల మీద, వరిమళ్లలో కోళ్లు, బాతులు వాటితో కలిసి తిరగకుండా చూడండి. బాగా ఉడికిన గుడ్డు, మాంసంతో భయం లేదు, 70 డిగ్రీల వేడికి వైరస్ చస్తుంది. జాగ్రత్త కావాల్సింది చచ్చిన కోడిని పట్టుకునేటప్పుడు. ఒకటి రెండు రోజుల్లో వరసగా చస్తుంటే ఉట్టి చేత్తో ముట్టకండి, ఈకలు పీకకండి, మిగిలినవి చవగ్గా అమ్మేయకండి. రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి గానీ 1962 ఫోన్ నంబరుకు గానీ చెప్పండి. వాళ్లు నమూనాలు తీసుకున్నాక కళేబరాలను కాలువలో పారేయకుండా, నీటి బావికి దూరంగా నాలుగడుగుల గొయ్యి తీసి, కిందా పైనా సున్నం వేసి, కుక్కలు తవ్వకుండా మన్ను గట్టిగా తొక్కి పూడ్చండి.