కొండ మొక్కకు పేరు రావడానికి ఇన్నేళ్లెందుకు?

ఉష్ణమండల పర్వతాల్లో కొత్త మొక్క దొరికిందని వార్త వస్తే, ఎవరో ఈమధ్యే కొండెక్కి చూసి వచ్చారనుకుంటాం. చాలాసార్లు ఆ మొక్కను కోసి, ఆరబెట్టి, దాచిపెట్టి ఒక తరం గడిచిపోయి ఉంటుంది. 2010లో వెలువడిన ఒక అధ్యయనం ఈ జాప్యాన్ని లెక్కగట్టింది. కొత్త జాతులుగా ప్రకటించిన వాటిలో సేకరించిన ఐదేళ్లలోపే వర్ణన (పేరుతో పాటు లక్షణాల వివరణ) వెలువడినవి 16 శాతమే. దాదాపు పావు వంతు వర్ణనలకు యాభై ఏళ్లు దాటిన నమూనాలు ఆధారం. ఇంకా పేరు లేని పూల మొక్కలు 70,000 దాకా ఉండొచ్చనీ, వాటిలో సగానికి పైగా ఇప్పటికే హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాలను భద్రపరిచే చోటు) బీరువాల్లో ఉన్నాయనీ ఆ అధ్యయనం అంచనా వేసింది.

ఈ జాప్యం పాతదే. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ ప్రతి మొక్కకూ రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని స్థిరపరిచినప్పుడు ఆయన పుస్తకంలో ఉన్నవి దాదాపు 6,000 జాతులు. ఉష్ణమండల పర్వతాల మొక్కలు అందులో బహు కొద్ది. ఆ కొరత తీర్చగలిగిన మనిషి హోసే సెలెస్టినో ముటిస్. స్పెయిన్ నుంచి వైద్యుడిగా ఇప్పటి కొలంబియాకు వెళ్లి, లినేయస్‌తో ఉత్తరాలు నడుపుతూ ఆండీస్ మొక్కల మీద జీవితమంతా పనిచేశాడు. 1783లో రాజు అనుమతితో ఆయన చేపట్టిన సర్వే కింద పెద్ద చిత్రశాలే నడిచింది. ఇప్పటి ఈక్వడార్‌లోని కీటో నుంచి వచ్చిన చిత్రకారులు కూడా అందులో పనిచేశారు. ఆరు వేలకు పైగా బొమ్మలు తయారయ్యాయి. వాటిలో ఆకు ఈనె దగ్గర నుంచి కేసరం దాకా ఎంత శ్రద్ధగా వేశారో చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యం వేస్తుంది.

1808లో ముటిస్ చనిపోయేనాటికి ఆ సంపదలో దాదాపు ఏదీ అచ్చు కాలేదు. తర్వాత బొమ్మలన్నీ పెట్టెలకెక్కి మాడ్రిడ్ చేరాయి. ఆయన సర్వే గ్రంథాల ప్రచురణ మొదలైంది 1954లో. ఈలోగా అవే మొక్కలను ఇతరులు చూశారు, వాళ్లే పేర్లు పెట్టారు. వృక్షశాస్త్రంలో ముందు ఎవరు చూశారన్నది లెక్కలోకి రాదు. ముందు ఎవరు సక్రమంగా ప్రచురించారన్నదే లెక్క.

ఆ ఇతరుల్లో ముఖ్యులు యూరప్ నుంచి వచ్చిన ప్రకృతి శాస్త్రవేత్తలు హంబోల్ట్, బోన్‌ప్లాన్. 1801లో బొగోటాలో ముటిస్ ఇంటికి వెళ్లి ఆయన సేకరణ చూసినవాళ్లే. మరుసటి ఏడాది ఆండీస్‌లోని చింబొరాసో అగ్నిపర్వతం మీదికి ఎక్కారు. ఎత్తు పెరిగేకొద్దీ మొక్కలు పట్టీలు పట్టీలుగా మారిపోతాయని హంబోల్ట్ గీసిన పటం పర్వత వృక్షశాస్త్రానికి పునాది. కానీ వాళ్లు తెచ్చిన వేల నమూనాల్లో అత్యధిక భాగాన్ని వర్ణించింది అమెరికా ఖండాల్లో ఎన్నడూ అడుగుపెట్టని కార్ల్ కుంత్. 1815 నుంచి 1825 వరకు పారిస్‌లో కూర్చుని, ఎండిన కొమ్మలు చూసి, ఏడు సంపుటాల పని చేశాడు. నా ఉద్దేశంలో ఈ చరిత్రలో తగినంత గుర్తింపు దక్కని మనిషి ఆయనే. సాహసం కొండ మీద జరిగింది, ఆవిష్కరణ బల్ల దగ్గర జరిగింది.

ఇంతకీ ఈ కొండల్లోనే ఇన్ని కొత్త జాతులు ఎందుకు? ఉష్ణమండలంలో ఏడాది పొడవునా ఉష్ణోగ్రత పెద్దగా మారదు. ప్రతి ఎత్తులోని మొక్కలూ ఆ కొద్దిపాటి తేడాకే అలవాటుపడతాయి. కింది లోయ వేడి వాటికి అడ్డుగోడ అవుతుంది. జీవశాస్త్రవేత్త డేనియల్ జాన్జన్ 1967లో ఈ వాదన చేశాడు. అందుకే పక్క కొండ మీద దగ్గర బంధువైన వేరే జాతి ఉండే అవకాశం ఎక్కువ. ఆ తేడా కనిపెట్టాలంటే రెండు కొండల నమూనాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. మేఘారణ్యంలో (ఎప్పుడూ మబ్బు కమ్మి ఉండే కొండ అడవిలో) తడికి ఆకులు బూజు పడతాయి కాబట్టి సేకరించేవాళ్లు వాటిని పాత పేపర్ల మధ్య పెట్టి, ఆల్కహాల్‌లో తడిపి, ప్లాస్టిక్ సంచుల్లో కట్టి కిందికి తెస్తారు. పువ్వు రంగు అందులో పోతుంది. ఆర్కిడ్‌ల విషయంలో ఇది పెద్ద నష్టం.

పేరుతో పాటు ఒక మూల నమూనాను చూపాలన్న నిబంధన 1958 నుంచి తప్పనిసరి అయింది. ఎప్పుడు సందేహం వచ్చినా తిరిగి చూడాల్సింది ఆ ఒక్క ఎండిన కొమ్మనే. అలాంటివి కాలిపోతే ఏమవుతుందో 1943 మార్చిలో తెలిసింది. బాంబు దాడిలో బెర్లిన్ హెర్బేరియం తగలబడింది. న్యూగినీ కొండల నుంచి జర్మన్ వృక్షశాస్త్రవేత్త రుడాల్ఫ్ ష్లెక్టర్ వర్ణించిన వందల ఆర్కిడ్‌ల మూల నమూనాలు బూడిదయ్యాయి. అదృష్టవశాత్తూ అమెరికా వృక్షశాస్త్రవేత్త ఫ్రాన్సిస్ మాక్‌బ్రైడ్ 1929 నుంచి యూరప్ హెర్బేరియంలలో మూల నమూనాలను ఫొటోలు తీస్తూ వచ్చాడు. దక్షిణ అమెరికా మొక్కల్లో చాలావాటికి ఈనాటికీ ఆ ఫొటోలే దిక్కు. లాటిన్‌లో వర్ణన రాయాలన్న నియమం మాత్రం 2012లో పోయింది. అప్పటి నుంచి ఇంగ్లిష్ కూడా చెల్లుతుంది, ఆన్‌లైన్ ప్రచురణా చెల్లుతుంది.

నమూనాలు చాలకపోతే మన అంచనాలు ఎలా తలకిందులవుతాయో ఈక్వడార్‌లోని సెంటినెలా చెబుతుంది. ఆండీస్ పాదాల దగ్గరి ఈ గట్టు మీద 1970ల్లో వృక్షశాస్త్రవేత్తలు అల్విన్ జెంట్రీ, కాలవే డాడ్సన్ మొక్కలు సేకరించారు. అక్కడ తప్ప ఇంకెక్కడా లేవనిపించినవి 90 దాకా తేలాయి. వాళ్ల కళ్లముందే ఆ అడవి పొలాలైపోయింది. పేరు పెట్టేలోపే జాతులు అంతరించిపోవడానికి సెంటినెలా ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ అయింది. 2000లో వర్ణించిన ఒక చిన్న మొక్కకు గాస్టెరాంథస్ ఎక్స్‌టింక్టస్ అని, అంతరించినదన్న అర్థం వచ్చేలా పేరే పెట్టేశారు. 2021లో అది బతికే కనిపించింది, మిగిలిన చిన్న చిన్న అడవి ముక్కల్లో. 2024లో ప్రచురితమైన సమీక్ష ప్రకారం అక్కడివేనని అనుకున్న 98 జాతుల్లో ఒక్కటి తప్ప అన్నీ వేరే చోట్ల కూడా దొరికాయి. అడవి పోయిన మాట నిజం. మిగతా కొండల్లో ఎవరూ సరిగా వెతకలేదన్న మాటా నిజం.

వెతికేవాళ్లు దూరం నుంచి రావాల్సిన అవసరం కూడా లేదు. బోర్నియోలోని కినబాలు మీద 1990ల్లో దుసున్ గ్రామస్థులే నమూనాలు సేకరించినప్పుడు, నూరేళ్లకు పైగా బయటివాళ్లు ఎక్కిన ఆ కొండ జాబితాలోకి కొత్త జాతులు చేరాయి. అయితే సేకరించిన మొక్క దేశం దాటాలంటే ఇప్పుడు అనుమతులు కావాలి. 2014లో అమల్లోకి వచ్చిన నగోయా అంతర్జాతీయ ఒప్పందం తమ మొక్కల మీద ఆయా దేశాలకున్న ఈ హక్కును గట్టిపరిచింది. మాడ్రిడ్‌కు వెళ్లిన పెట్టెల కథ తెలిసినవాళ్లెవరూ దాన్ని తప్పుపట్టలేరు. కాకపోతే పోల్చిచూడాల్సిన పాత నమూనాలు మాత్రం ఇంకా యూరప్‌లోనే ఉన్నాయి. స్కాన్‌లు ఆన్‌లైన్‌లో పెడుతుండటం వల్ల కొంత ఊరట. కానీ అండాశయం లోపల ఏముందో స్కాన్‌లో కనిపించదు.

న్యూగినీలో 13,634 జాతుల మొక్కలు ఉన్నాయని 2020లో 99 మంది కలిసి జాబితా వేశారు. మరో 50 ఏళ్లలో ఇంకో 4,000 జాతులు చేరవచ్చని అందులోనే అంచనా వేశారు. పేరు లేని జాతిని అంతరించే ముప్పు జాబితాలో చేర్చడం సాధారణంగా కుదరదు. ఇంకా వర్ణించని మొక్కల్లో నాలుగింట మూడు వంతులకు ఇప్పటికే ఆ ముప్పు ఉండొచ్చని 2023లో లండన్‌లోని క్యూ వృక్షశాస్త్ర ఉద్యానవనం నివేదిక చెప్పింది. అందుకే కొత్త జాతిని ప్రకటించే వ్యాసంలోనే దానికి ఎంత ముప్పుందో కూడా రాసే అలవాటు ఇప్పుడు పెరిగింది.