టేపును కదిలించే ఒక్క లైను ఆజ్ఞ

2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం కారణంగా కొద్దిమంది వినియోగదారుల జీమెయిల్ ఖాతాలు ఖాళీ అయిపోయినప్పుడు, గూగుల్ ఆ ఉత్తరాలను డేటా నకళ్లు దాచే అయస్కాంత టేపుల నుంచి వెనక్కి తెచ్చింది. వేర్వేరు డేటా సెంటర్లలో ఉంచిన నకళ్లను సైతం ఆ లోపం చెరిపివేసింది గానీ, నెట్‌వర్కుకు అందకుండా ఉన్న టేపుల జోలికి పోలేకపోయింది. టేపు బలమంతా అక్కడే ఉంది. అరలో ఉన్న టేపును తీసి డ్రైవులో పెట్టేదాకా ఏ ప్రోగ్రామూ దాన్ని చదవలేదు, చెరపలేదు. టేపులు వందల్లో, వేలల్లో ఉండే లైబ్రరీలో ఆ తీసి పెట్టే పని రోబోది. సాధారణంగా బ్యాకప్ సాఫ్ట్‌వేరే దానికి ఆజ్ఞలిస్తుంది కాబట్టి, ఆ కదలిక ఎలా జరుగుతుందో మనం పట్టించుకోము. టేపులను చూసుకునే ప్రతి ఒక్కరూ ఆ ఆజ్ఞను ఒకసారైనా స్వయంగా ఇచ్చి చూడాలని నా గట్టి అభిప్రాయం.

మొదట గ్రహించవలసింది, రోబో, డ్రైవు అనేవి కంప్యూటరు దృష్టిలో రెండు వేర్వేరు పరికరాలు. లినక్స్‌లో స్కజీ (ఇలాంటి పరికరాలను కంప్యూటరుతో కలిపే పద్ధతి) పరికరాల జాబితా తీస్తే డ్రైవు పక్కన ‘టేప్’ అని, రోబో పక్కన ‘మీడియంఎక్స్’ అని కనిపిస్తుంది. డేటా రాయడం, చదవడం డ్రైవు పని, కార్ట్రిడ్జిని, అంటే టేపు ఉండే పెట్టెను, ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చడం రోబో పని. తాను మోస్తున్న కార్ట్రిడ్జిలో ఏముందో రోబోకు తెలియదు. దానికి తెలిసిందల్లా నాలుగు రకాల స్థానాలే: తన సొంత చేయి, అరలు, డ్రైవులు, బయటి నుంచి టేపులు పెట్టి తీసుకునే ద్వారం.

ఈ రోబోతో మాట్లాడడానికి లినక్స్‌లో ఎంటీఎక్స్ అనే చిన్న ఉపకరణం ఉంది. ‘ఎంటీఎక్స్ స్టేటస్’ అని అడిగితే ప్రతి డ్రైవూ, ప్రతి అరా నిండి ఉన్నదీ ఖాళీగా ఉన్నదీ వరుసగా చెబుతుంది. నిండిన అర పక్కన కార్ట్రిడ్జి మీది బార్‌కోడ్ కూడా కనిపిస్తుంది. ఆ కోడ్ చివరి రెండు అక్షరాలను తప్పక చూడాలి. ఎల్8 అంటే అది ఎల్‌టీఓ అనే టేపు ప్రమాణంలో ఎనిమిదో తరం టేపు. ఆ తరం డ్రైవు ఏడు, ఎనిమిది తరాల టేపులను మాత్రమే చదవగలదు. కోడ్ చూడకపోతే, ఆరో తరం టేపు డ్రైవులో పడిన తరువాత గానీ పొరపాటు బయటపడకపోవచ్చు.

‘ఎంటీఎక్స్ లోడ్ 5 0’ అంటే ఐదో అరలోని కార్ట్రిడ్జిని సున్నా నంబరు డ్రైవులో పెట్టమని అర్థం. అరల లెక్క ఒకటితోను, డ్రైవుల లెక్క సున్నాతోను మొదలవుతుంది. రోబో చేయి ఐదో అర ముందుకు వెళ్లి, కార్ట్రిడ్జిని పట్టి లాగి, డ్రైవు నోటికి అందిస్తుంది. ఎల్‌టీఓ కార్ట్రిడ్జిలో ఒకే చక్రం ఉంటుంది, రెండోది డ్రైవు లోపల ఉంటుంది. టేపు కొసన ఉన్న చిన్న లోహపు పిన్నును డ్రైవు పట్టుకుని, టేపును బయటికి లాగి తన చక్రానికి చుట్టుకుంటుంది. ఈ పని ముగియకముందే రోబో ఆజ్ఞ పూర్తయినట్లు జవాబు రావచ్చు. అందువల్ల వెంటనే రాయడం మొదలుపెట్టకుండా, డ్రైవుతో మాట్లాడే ఎంటీ అనే మరో ఉపకరణం ద్వారా, ‘ఎంటీ స్టేటస్’ అని డ్రైవు సిద్ధమైందో లేదో అడిగి చూడాలి. తొమ్మిదో తరంలోనైతే కొత్త కార్ట్రిడ్జిని మొదటిసారి పెట్టినప్పుడు డ్రైవు దాన్ని తనకు అనుగుణంగా సరిచూసుకుంటుంది, దానికి రెండు గంటల వరకూ పట్టవచ్చు. యంత్రం పాడైందనుకుని మధ్యలో కరెంటు తీయకూడదు.

తిరిగి అరలో పెట్టించాలంటే ‘అన్‌లోడ్’ అనాలి, కానీ అంతకుముందు ‘ఎంటీ ఆఫ్‌లైన్’ అని డ్రైవుకు చెప్పడం మంచిది. ఎల్8 టేపు పొడవు 960 మీటర్లు. అదంతా కార్ట్రిడ్జిలోకి వెనక్కి చుట్టుకుంటే తప్ప డ్రైవు దాన్ని వదలదు, డ్రైవు వదలనిదే రోబో లాగలేదు.

లైబ్రరీలో ఒకటికి మించి డ్రైవులున్నప్పుడు మరో చిక్కు ఎదురవుతుంది. రోబో చెప్పే సున్నా నంబరు డ్రైవు, లినక్స్ ఎన్‌ఎస్‌టీ0 అని పిలిచే డ్రైవు ఒకటే కావాలన్న నియమం లేదు. మొదటిది లైబ్రరీలోని స్థానాన్ని బట్టి, రెండోది కంప్యూటరు ఆ పరికరాలను గుర్తించిన క్రమాన్ని బట్టి వచ్చిన సంఖ్య. మెషీన్ రీబూట్ అయితే ఆ క్రమం మారవచ్చు. టేపును ఒక డ్రైవులో పెట్టించి, వేరే డ్రైవులో ఉన్న మరో టేపు మీద రాసేసే ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. రెండు వైపులా సీరియల్ నంబర్లు పోల్చి చూసుకుని, ఆపైన ఆ సీరియల్ నంబరుతో ఉండే స్థిరమైన పేరుతోనే డ్రైవును పిలవడం సరైన పద్ధతి.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ నడుస్తుండగా మాత్రం టేపులను చేత్తో కదపకూడదు. ఏ టేపు ఏ అరలో ఉందో అది తన పట్టికలో రాసుకుని ఉంటుంది, మనం మార్చిన సంగతి దానికి చేరదు. తప్పనిసరై మార్చితే, పని కాగానే ఆ పట్టికను సరిచేయించాలి. బక్యులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో ‘అప్‌డేట్ స్లాట్స్’ అనే ఆజ్ఞ ఉన్నది ఇందుకే. లైబ్రరీ తలుపు తెరిచి టేపులు మార్చినప్పుడు, పట్టికను సరిచేయించే ముందు ‘ఎంటీఎక్స్ ఇన్వెంటరీ’ కూడా నడిపితే, రోబో అరలన్నిటినీ మళ్లీ తనిఖీ చేసుకుంటుంది.