రెండు విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ: అర్థశాస్త్ర పరిశోధకుల అపోహలు, వాస్తవాలు

పీహెచ్‌డీ ప్రవేశాల కాలం వచ్చిందంటే ఉస్మానియాలోనో, సెంట్రల్ యూనివర్సిటీలోనో ఎం.ఏ. అర్థశాస్త్రం ముగించిన విద్యార్థులు నా గదికి వస్తుంటారు. వారిలో ఎక్కువమంది అడిగే మొదటి ప్రశ్న, ‘మేడమ్, మీకు ఏ ఫారిన్ యూనివర్సిటీతో టై-అప్ ఉంది?’ అని. ఏ అంశంపై పరిశోధన చేయాలన్న మాట ఆ తరువాతెప్పుడో వస్తుంది. హైదరాబాద్‌లో ఉంటూ ఉమ్మడి పర్యవేక్షణలో కొందరు పరిశోధకులకు గైడ్‌గా పనిచేసిన అనుభవంతో, తరచుగా వినిపించే కొన్ని అపోహలను ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

అపోహ: రెండు విశ్వవిద్యాలయాల్లో చేస్తే రెండు డాక్టరేట్లు వస్తాయి.

వాస్తవం: రాసేది ఒకే సిద్ధాంత గ్రంథం. భారతీయ, విదేశీ విద్యాసంస్థల సహకారంపై విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 మే నెలలో ప్రకటించిన నిబంధనల ప్రకారం, జాయింట్ డిగ్రీ పద్ధతిలో పీహెచ్‌డీ చేసే విద్యార్థికి రెండు చోట్లా ఒక్కొక్క గైడ్ ఉండాలి, రెండు సంస్థల్లోనూ కనీసం ఒక్కొక్క సెమిస్టర్ గడపాలి, చివరకు ఒకే థీసిస్ సమర్పించాలి. పట్టా కూడా ఉమ్మడిగా ఒక్కటే వస్తుంది. అయితే పత్రికల్లో ఫొటోలతో సహా కనిపించే అవగాహన ఒప్పందాలన్నీ (ఎంఓయూలు) ఈ కోవకు చెందినవి కావు. వాటిలో చాలావరకు విద్యార్థుల మార్పిడికీ, ఉమ్మడి సదస్సులకూ పరిమితమైనవే తప్ప, పట్టా ఊసు వాటిలో ఉండదు. అందుచేత రిజిస్ట్రేషన్ ఎక్కడ, ఫీజు ఎక్కడ, వైవా ఎక్కడ, పట్టాపై సంతకం ఎవరిది అన్న నాలుగు విషయాలను చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఐదో ప్రశ్న ఒకటి ఉంది, దాన్ని నేను నష్టపోయి నేర్చుకున్నాను. నా విద్యార్థి ఒకరు మూడో ఏట అవతలి విశ్వవిద్యాలయానికి బయలుదేరే సమయానికి ఒప్పందం గడువు తీరిపోయి ఉంది. గడువుతో పాటే ఫీజు మినహాయింపు లేఖ కూడా చెల్లకుండా పోయింది. రెండు రిజిస్ట్రార్ కార్యాలయాల మధ్య ఈ-మెయిళ్లు ఎనిమిది నెలలు నడిచాయి. ఒప్పందం చివరి పేజీలోని తేదీని గైడ్‌గా నేనే ముందు చూసి ఉండవలసింది.

అపోహ: ఫీజు కట్టి, ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో విదేశీ పీహెచ్‌డీ చేయవచ్చు.

వాస్తవం: చెల్లదు. ఎడ్‌టెక్ కంపెనీలు విదేశీ సంస్థలతో కలిసి ప్రకటించే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 2022 అక్టోబరులోనే స్పష్టం చేశాయి.

అపోహ: సహకారమంటే సిద్ధాంతం వారిది, డేటా మనది.

వాస్తవం: మన విద్యార్థులకు అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది ఈ భావనే, పైగా మన నగరం పక్కనే జరిగిన పని దీన్ని బలపరుస్తున్నట్టు పైకి కనిపిస్తుంది. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లె, డోకూరు గ్రామాలతో పాటు మహారాష్ట్రలోని కొన్ని గ్రామాల్లో కుటుంబాల ఆదాయ వ్యయాలను ఏళ్ల తరబడి నమోదు చేసింది. ఆ సమాచారాన్ని ఉపయోగించి అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఎకనమెట్రికా పత్రికలో ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రచురించారు. ఒక కుటుంబం ఆదాయం పడిపోయిన ఏడు దాని వినియోగం కూడా అంతే పడిపోతుందా, లేక ఊరిలోని ఇచ్చిపుచ్చుకోవడాలు ఆ దెబ్బను పంచుకుంటాయా అన్నది అందులోని ప్రశ్న. కుటుంబ వినియోగం సొంత ఆదాయం కంటే ఊరి సగటు వినియోగంతో ఎక్కువగా కలిసి నడుస్తోందని ఆయన చూపారు. ఇది చదివిన విద్యార్థికి డేటా మనది, మేధ వారిది అనిపిస్తే ఆశ్చర్యం లేదు. కానీ కుటుంబం అని దేనిని అనాలో ముందు ఎవరో తేల్చి ఉండకపోతే ఆదాయాన్నీ వినియోగాన్నీ ముడిపెట్టే ఆ సమీకరణానికి పునాదే లేదు.

ఇది నాకు ఒక విద్యార్థిని రెండో అధ్యాయంతో తెలిసివచ్చింది. ఆమె ఒక తెలంగాణ గ్రామంలో రెండు విడతలుగా సర్వే చేసింది. మొదటి విడతలో ఉన్న కొన్ని కుటుంబాలు రెండో విడతలో అదే రూపంలో కనిపించలేదు. విదేశీ గైడ్ ముసాయిదా అంచున, ‘వలస వల్ల జారిపోయాయా? అయితే దానికి తగిన సవరణ చేయాలి’ అని రాశారు. నేను ఆమెను మళ్లీ ఊరికి పంపాను. వాళ్లెవరూ ఊరు విడిచిపోలేదు, అన్నదమ్ములు వేరుపడ్డారంతే. ఆవరణ ఒకటే, బోరు ఒకటే, పొయ్యిలు మాత్రం రెండయ్యాయి. తల్లి ఒక నెల పెద్దకొడుకు ఇంట్లో, మరో నెల చిన్నకొడుకు ఇంట్లో వంతులవారీగా భోంచేస్తోంది. మన జాతీయ నమూనా సర్వేల్లోలాగే ఆమె ప్రశ్నపత్రంలోనూ కుటుంబమంటే ఒకే వంటగదిలో వండుకుని తినేవారని ఉంది. మరి ఆ తల్లిని ఏ కుటుంబంలో లెక్కించాలి?

ఈ సంగతి విన్న విదేశీ గైడ్ సవరణ మాటను పక్కనపెట్టి, వేరుపడిన తరువాత కూడా అన్నదమ్ములు కరవు నష్టాన్ని పంచుకుంటున్నారా అన్న దానిని పరీక్షించే పద్ధతిని మూడు పేజీల్లో రాసి పంపారు. అలా రాయడం నాకు చేతనయ్యేది కాదు. వేరుపడటం అన్న సంగతే తట్టకపోతే ఆయనకూ ఆ మూడు పేజీలు రాయవలసిన అవసరం వచ్చేది కాదు. థీసిస్‌లో పరీక్షకులు మెచ్చుకున్నది ఆ అధ్యాయాన్నే.

అపోహ: ఇద్దరు గైడ్లు ఉంటే పని త్వరగా అవుతుంది.

వాస్తవం: 2022 నవంబరు నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల్లో కనీస వ్యవధి మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. గైడ్లు ఇద్దరైనంత మాత్రాన అది తగ్గదు, కనీసం 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్ కూడా తప్పదు. పైగా అర్థశాస్త్రంలో ఒక గైడ్ మూడు విడివిడి వ్యాసాల థీసిస్‌ను కోరితే, మరొకరు పాత పద్ధతిలో ఒకే వాదన సాగే గ్రంథాన్ని కోరడం మామూలే. ప్రతి వీడియో సమావేశం తరువాత నిర్ణయించుకున్న విషయాలను అర పేజీలో రాసి ఇద్దరికీ పంపే విద్యార్థులు ఈ లాగుడులో నలగరని గమనించాను.

అపోహ: సహకారం అంటే విదేశీ విశ్వవిద్యాలయంతోనే.

వాస్తవం: తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో పరిశోధన చేసినవారికి జేఎన్‌యూ పట్టా ఇస్తూ వచ్చింది. అది దేశంలోపలి సహకారమే. నెదర్లాండ్స్‌లో 1987లో మొదలైన టిన్‌బెర్గెన్ ఇన్‌స్టిట్యూట్‌ను ఒకే దేశంలోని మూడు విశ్వవిద్యాలయాలు కలిసి నడుపుతున్నాయి. నైరోబీ కేంద్రంగా పనిచేసే ఆఫ్రికన్ ఎకనామిక్ రిసెర్చ్ కన్సార్షియం నమూనా నాకు మరీ నచ్చుతుంది. ఏ ఒక్క విశ్వవిద్యాలయానికీ అన్ని ఐచ్ఛిక సబ్జెక్టులు బోధించే అధ్యాపక బలం లేనప్పుడు, వివిధ దేశాల విద్యార్థులను ఒకచోట చేర్చి వాటిని బోధించి, పట్టాను మాత్రం ఎవరి విశ్వవిద్యాలయం వారికి ఇచ్చేలా ఏర్పాటు చేసుకున్నారు. ఆర్థిక సంబంధాలను గణాంకాలతో కొలిచే ఎకనామెట్రిక్స్ ఒక చోట, వ్యవసాయ అర్థశాస్త్రం మరో చోట బలంగా ఉన్న హైదరాబాద్‌లో దీన్ని ఇంతవరకు గట్టిగా ప్రయత్నించకపోవడం నాకు వింతగానే తోస్తుంది. ఇతర సంస్థల నుంచి కో-గైడ్‌ను తీసుకోవడానికి యూజీసీ నిబంధనలు ఎలాగూ అనుమతిస్తున్నాయి.

అపోహ: జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) ఉంటే విదేశీ సెమిస్టర్ ఖర్చు గడిచిపోతుంది.

వాస్తవం: జేఆర్‌ఎఫ్ కింద 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్)గా 42,000 రూపాయలు ఇస్తున్నారు. దీనికి ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) అదనం. హైదరాబాద్‌లో అద్దె గది, మెస్ ఖర్చులకు ఇది సరిపోతుంది. ఐరోపా నగరంలో గది అద్దెకే సరిపోవడం కష్టం. టికెట్, బీమా, వసతి ఏ సంస్థ భరిస్తుందో ఒప్పందంలో లేకపోతే, ఆతిథ్య విశ్వవిద్యాలయపు డిపార్ట్‌మెంట్ నుంచి విడిగా లేఖ తెప్పించుకున్న తరువాతే వీసాకు దరఖాస్తు చేయమని నా విద్యార్థులకు చెబుతాను.